ఆటకు అండ: భాగవత మేళములు – పోషక సంఘములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనిన, అది కేవలము పుస్తకముల మహిమచేత నిలిచినది కాదు. పుస్తకములు తమంతట తాము నడచివచ్చి బీరువాలో కూర్చుండవు. నెలనెలకు చందా కట్టినవారు, సాయంకాలము తాళము తీసి దీపము వెలిగించినవారు, చినిగిన అట్టలను గంజితో అతికించినవారు, జమాఖర్చులు వ్రాసినవారు దానిని నిలిపిరి. వీరిలో పలువురు కవులు కారు, పండితులు కారు. అయినను కవి వ్రాసిన గ్రంథము పాఠకుని చేతికి అందినది వీరివలననే. ఇట్టి నిష్కామసేవకులను గూర్చియే ఈనాటి ప్రసంగము. అయితే పుస్తకమును నిలుపువారి మాట అందరికిని తెలిసినదే. ఆటను నిలుపువారి మాట చెప్పవలసియున్నది.

ఆట యనగా నృత్యము, గానము, సంభాషణము, వేషము నాలుగును కలిసిన నృత్యనాటకము. పాశ్చాత్యులు బాలే యనునదియు, ఆంధ్రదేశమున కూచిపూడి భాగవతమును, తెలంగాణమున చిందు యక్షగానమును ఈ జాతికి చెందినవే. పుస్తకమునకును ఆటకును ఒక పెద్ద భేదము కలదు. పది సంవత్సరములు ఎవ్వరును తెరువని పుస్తకమును పదునొకండవ యేట తెరచినను అందలి అక్షరములు అట్లే యుండును. పది సంవత్సరములు ఆడని ఆట అట్లుండదు. మద్దెలకాని చేయి మరచును. వేషగాని అడుగు తప్పును. ముసలి గురువు పోయినచో ఆయన కంఠములోని దరువులు ఆయనతోనే పోవును. పుస్తకమునకు కావలసినది బీరువా. ఆటకు కావలసినది పది పదునైదు మంది మనుష్యులు, వారి భార్యాబిడ్డలు, వారి పూటకూడు. కావున ఆటను కాపాడుట యనగా కొందరు మనుష్యులను గౌరవముతో బ్రదుకనిచ్చుట యని యర్థము.

పూర్వము ఈ భారమును ఎవరు వహించిరి? 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రములో యక్షగానమును పేర్కొనెను. ఆ శతాబ్దముననే కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. నల్లగొండ చెంతనున్న పానగల్లు ఆలయమునందును, సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి ఆలయములందును నాట్యభంగిమల శిల్పములను నేటికిని చూడవచ్చును. ఆ రాతిబొమ్మల వెనుక సజీవులైన నర్తకులుండిరి. వారికి దేవాలయములు భూములను, వృత్తులను ఇచ్చెను. తరువాతి కాలమున సంస్థానములు వచ్చెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు పండితులను, కవులను సన్మానించిరి. విద్వద్గద్వాల యను ప్రశస్తి అట్లు వచ్చినదే.

రాజపోషణమునకు ఒక లోపము కలదు. పోషకుడు ఒక్కడే యగుటచే, ఆయన పోయినచో పోషణమును పోవును. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. ఆ మార్పు ప్రజలకు మేలు చేసినదే. కాని కోటగుమ్మముపై ఆధారపడిన విద్యావంతులు మరియొక గుమ్మమును వెదుకుకొనవలసివచ్చెను.

కోటయు, మాన్యములుగల గుడియు లేని సామాన్యమైన పల్లెలో ఆటగానిని ఎవరు పోషించిరి? దీనికి సమాధానము ఊరిచివరి గుడిసెలలో దొరకును.

తెలంగాణమున కులపురాణములు చెప్పియు, ఆడియు జీవించు ఆశ్రితకులములు పెక్కు కలవు. పద్మశాలీలకు కూనపులివారు, కురుమలకు ఒగ్గువారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, మాదిగలకు చిందువారును డక్కలివారును అట్టివారు. వీరిలో సంపూర్ణమైన నృత్యనాటక మేళము గలవారు చిందు భాగవతులు. ముఖమున అర్దళము పూసి, తేలికయైన పొనికి కఱ్ఱతో చెక్కిన కిరీటములను, భుజకీర్తులను ధరించి, కాళ్లకు గజ్జెలు కట్టి, మద్దెల, తాళములు, హార్మోనియముల సాయముతో తెల్లవార్లు ఆడుదురు. సారంగధర, హరిశ్చంద్ర, చెంచులక్ష్మి, ప్రహ్లాద మొదలగు కథలు వీరి యాటలు. ఊరికి వచ్చిన మేళము జాంబపురాణము ఆడుట విధి. పూర్వపు కూచిపూడి మేళములందు స్త్రీవేషములను పురుషులే ధరించిరి. చిందు మేళములందు స్త్రీలును వేషము కట్టిరి. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఇట్లు బాల్యమునుండి ఆడి, గొప్ప కళాకారిణియని పేరొంది, 2005లో దివంగతురాలయ్యెను. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారము లభించెను.

ఈ మేళముల పోషణమునకు పూర్వులు మిరాసి యను ఏర్పాటు చేసికొనిరి. ఒక్కొక్క చిందు కుటుంబమునకు కొన్ని గ్రామములు మిరాసిగా నుండెడివి. ఆ గ్రామములలో ఆడుటకు ఆ కుటుంబమునకే హక్కు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు రైతులు పొలమును పంచుకొన్నట్లు వీరు ఊళ్లను పంచుకొనెడివారు. మేళము పిల్లాపాపలతో ఊరు చేరగానే మాదిగవాడ పెద్దలు కూర్చుండి ఇంటికి ఇంతయని నిర్ణయించెడివారు. ఒకరు మానికెడు జొన్నలు, ఒకరు కొంత రొక్కము తెచ్చియిచ్చెడివారు. ఒక పెద్ద వసూలు చూచును. ఒకడు బస చూచును. పడుచువాండ్రు గుంజలు పాతి పందిరి వేయుదురు. అక్కడ రసీదు పుస్తకము లేదు, అచ్చు నియమావళి లేదు. అయినను చందా ఉన్నది, పంచాయతీ ఉన్నది, పనుల పంపకము ఉన్నది. నేడు పట్టణములలో పోషక సంఘమని పిలుచు దానికి కావలసినదంతయు అందున్నది. ఈ ప్రాంతమున ఆటను నిలిపిన అతి ప్రాచీనమైన పోషక సంఘము మాదిగవాడయే యని చెప్పుటలో అతిశయోక్తి లేదు. కూలికి పోయి తెచ్చుకొన్న గింజలలోనుండి పిడికెడు తీసి కళకు పెట్టినవారు వారు.

ఈ యేర్పాటును పొగడునప్పుడు దానిలోని దోషములను దాచరాదు. మొదటి దోషమేమనగా, అది పుట్టుకతో బిగిసిన ముడి. చిందువాని కొడుకు చిందువాడే కావలెను; ఇష్టమున్నను లేకున్నను ఆ ఊళ్లకే పోవలెను. రెండవ దోషము అంతకంటె పెద్దది. అంటరానివారని ఊరు దూరముగా నుంచిన మాదిగలకంటెను చిందువారు ఒక మెట్టు క్రిందివారుగా ఎంచబడిరి. రాత్రి రాముడై, హరిశ్చంద్రుడై నిలిచి చేతులెత్తి మ్రొక్కించుకొన్న వేషగాడు, తెల్లవారి వేషము తీయగానే పంక్తికి దూరముగా కూర్చుండవలసి వచ్చెను. మూడవది, పై కులములవారు దూరముగా నిలిచి ఆట చూచిరి, నవ్విరి, కంట తడి పెట్టిరి. పిమ్మట ఇండ్లకు పోయిరి. ఊరంతయు చూచెను, వాడ మాత్రమే పెట్టెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. చట్టము మాటను మార్చినది. పంక్తిని మార్చవలసినవారు గ్రామస్థులు.

నేడు ఆ మిరాసి ముడి సడలిపోయినది. కారణములు స్పష్టముగానే యున్నవి. మొదటిది వలస. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు, కాలువలు కట్టిరి. పంట యింటికి వచ్చి, వానలు పడులోపల ఆటలు సాగవలసిన కాలముననే వాడలు ఖాళీయగుచుండెను. పెట్టవలసిన చేయి దూరదేశమున మన్ను మోయుచుండగా మేళమునకు ఎవరు పెట్టగలరు? రెండవది చలనచిత్రము, దాని వెనుక టెలివిజన్, దాని వెనుక చేతిలోని ఫోను. మూడవ కారణము లోతైనది. చిందువారి బిడ్డలు బడికి పోయిరి. మాదిగవారి బిడ్డలును పోయిరి. తాత చేయి చాచినచోట మనుమడు చేయి చాచుటకు సిగ్గుపడును. ఈ సిగ్గును తప్పుపట్టరాదు. ఆడి తినుటయందు అవమానము లేదు. వచ్చి అడిగి తినుటయందే అవమానమున్నది. పాత ముడిని మరల బిగించుట న్యాయము కాదు, సాధ్యమును కాదు. అయితే ముడితోపాటు ఆటయు జారిపోవుచున్నది. ముడి లేకుండ ఆటను నిలుపుట యెట్లనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న తెలంగాణమునకు మాత్రమే కలిగినది కాదు. యూరపు ఖండమున ఒకానొకప్పుడు మిక్కిలి ప్రఖ్యాతిగన్న బాలే సమాజమును దియాగిలెవ్ అను రష్యా దేశీయుడు నడిపెను. గొప్ప నర్తకులు, చిత్రకారులు, సంగీతకర్తలు ఆయన చెంత పనిచేసిరి. డబ్బు తెచ్చువాడును, దారి చూపువాడును ఆయనయే. 1929 ఆగస్టులో ఆయన వెనీసు నగరమున మరణించెను. ఆయనతో ఆ సమాజమును ముగిసెను. లోకమంతయు మెచ్చిన మేళము ఒక్క మనిషి ఊపిరిపై నిలిచియుండెనని అప్పుడు తేలెను.

ఆ మరుసటి సంవత్సరము, 1930లో, లండను నగరమున కొందరు కళాభిమానులు కమార్గో సొసైటీ యను సంఘమును స్థాపించిరి. వారికి సొంత మేళము లేదు, సొంత నాటకశాలయు లేదు. వారు చేసినది చందాదారులను కూర్చుట. ఆ చందాల బలముతో నాటకశాలలు ఖాళీగా నుండు వేళలను చూచి బాడుగకు తీసికొని, వేరువేరు చోట్ల పనిచేయు నర్తకులను పిలిచి, క్రొత్త నృత్యనాటకములను ప్రదర్శింపజేసిరి. సుప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞుడైన కీన్సు ఆ సంఘమునకు కోశాధికారిగా నుండెను. ఆయన భార్య లోపొకోవా నర్తకి. 1931లో ఆ సంఘము ప్రదర్శించిన జోబ్ అను నృత్యనాటకమునకు ఆంగ్ల బాలే చరిత్రలో ముఖ్యస్థానము కలదు. 1933లో ఆ సంఘము తన కార్యమును చాలించి, తాను తయారుచేయించిన నృత్యనాటకములను అప్పుడప్పుడే ఎదుగుచున్న విక్-వెల్స్ అను బాలే సమాజమునకు అప్పగించెను. ఆ సమాజమే 1956లో రాజశాసనమును పొంది రాయల్ బాలే యయ్యెను. సంఘము జీవించినది కొలది సంవత్సరములే. కాని అది పెట్టిన నారుమడి పెద్ద తోట యయ్యెను. తమ పేరు నిలుపుకొనుటకంటె ఆట నిలుచుట ముఖ్యమని తలంచిరి గనుకనే, పని ముగియగానే వారు ప్రక్కకు తొలగగలిగిరి.

నేడు పాశ్చాత్య దేశములలో పెద్ద బాలే సమాజములకు మిత్రమండలులు కలవు. లండనులోని కావెంట్ గార్డెన్ నాటకశాల మిత్రమండలి 1962లో ఏర్పడెను. ఇట్టి మండలుల సభ్యులు సంవత్సరపు చందా కట్టుదురు. సాధన జరుగునప్పుడు చూచు అవకాశమును పొందుదురు. కొందరు ప్రేక్షకులకు దారి చూపుదురు, కొందరు బడిపిల్లలకు ఆట కథను వివరింతురు. కాలివ్రేళ్ల కొనలపై నిలిచి నర్తించు బాలే నర్తకి తొడుగు జోళ్లు గుడ్డతోను, కాగితముతోను, జిగురుతోను చేయబడినవి. ఒక్కొక్కప్పుడు ఒక్క ప్రదర్శనకే మెత్తబడి పనికిరాకుండపోవును. ఆ జోళ్ల ఖర్చును మాత్రమే భరించుటకు చందాలు వేసికొను అభిమానులును కలరు. జోళ్లకు చందాయా యని నవ్వనక్కరలేదు. పొనికి కిరీటము పగిలినప్పుడు, మద్దెల తోలు చినిగినప్పుడు, ఆ ఖర్చు ఎవరిదని చిందు మేళమువారిని అడిగినచో అందలి యర్థము తెలియును.

తెలుగుదేశమునందును పలుమార్గములు కలవు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున కీచకవధతో పుట్టిన సురభి నాటక సమాజము టిక్కెట్లపై బ్రదికెను. కుటుంబమే మేళము, మేళమే కుటుంబము. ఊరూర పందిరి వేసి ఆడిరి. ప్రేక్షకుడు టిక్కెట్టు కొనినంతకాలము అది సాగెను. చలనచిత్రము వచ్చి ప్రేక్షకుని లాగుకొన్నపుడు పెక్కు సమాజములు మూతబడెను. టిక్కెట్టు ఒక్కదానిపై నిలిచిన ఆట, గాలి మారినపుడు నిలువజాలదని ఇందువలన తెలియును.

కూచిపూడి కథ వేరొక పాఠము చెప్పును. కృష్ణాతీరపు ఒక పల్లెలోని భాగవతుల విద్య 20వ శతాబ్దమున క్షీణదశకు వచ్చినపుడు, ఏలూరు న్యాయవాదియు, రంగస్థల నటుడును అగు బందా కనకలింగేశ్వరరావు దానికై పాటుపడెను. ఆయన భాగవతుల కుటుంబమున పుట్టినవాడు కాడు. అయినను సభలు కూర్చెను, విద్వాంసులకు పరిచయము చేసెను. కూచిపూడి గ్రామమున సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసెను. 1963లో వెంపటి చినసత్యం మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి పెక్కు నృత్యనాటకములను రూపొందించెను. తరువాత కాలిఫోర్నియాలోని తెలుగువారు 2001లో స్థాపించుకొన్న సిలికానాంధ్ర సంస్థ 2008లో అమెరికాలోను, 2010లో హైదరాబాదులోను కూచిపూడి నాట్య సమ్మేళనములు జరిపెను. ఇట్టి సమ్మేళనముల బరువును మోసినవారిలో పగలు ఉద్యోగములు చేసికొని రాత్రి పనిచేసిన స్వచ్ఛంద సేవకులు పెక్కుమంది. కూచిపూడికి దూరమునుండి బంధువులు దొరికిరి. చిందు మేళమునకు అట్టి బంధువులు ఇంకను చాలినంత మంది దొరకలేదు. నల్లగొండ, పాలమూరు పల్లెలనుండియు సముద్రములు దాటినవారు కలరు. వారికి ఈ మాట చేరవలసియున్నది.

ఇన్ని ఉదాహరణముల సారము ఒక్కటే. ఒక్క ప్రభువు పోషించిన ఆట ప్రభువుతో పోవును. ఒక్క కులము మోసిన ఆట ఆ కులపు కష్టములతో కృశించును. ఒక్క టిక్కెట్టుపై నిలిచిన ఆట ప్రేక్షకుని చాపల్యముతో పడిపోవును. పలువురు కొంచెము కొంచెముగా, ఏటేట, ఇష్టపూర్వకముగా మోసినదే నిలుచును. పురస్కారములు గౌరవనీయములే. నాగర్‌కర్నూలు ప్రాంతపు కిన్నెర మొగిలయ్యకు 2022లోను, నారాయణపేట ప్రాంతపు బుర్రవీణ కొండప్పకు 2024లోను పద్మశ్రీ వచ్చుట ఈ మెట్టప్రాంతమునకే కీర్తి. కాని పురస్కారము వ్యక్తికి వచ్చును. మేళము పదునైదు మంది. పురస్కారము ఒక్కసారి వచ్చును. ఆకలి ప్రతిదినము వచ్చును.

ఇట్టి చందాపద్ధతి ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదనుటకు గ్రంథాలయములే సాక్ష్యము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1918లో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామనరసింహారావు ఆంధ్రసరస్వతీ గ్రంథనిలయమును స్థాపించెను. 1922లో అక్కడినుండియే నీలగిరి పత్రికను వెలువరించెను. పాలమూరు సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించెను. తెలుగు చదువునకు రాజాదరణము లేని ఆ కాలమున, సభ జరుపుకొనుటకే అనుమతి కావలసిన ఆ దినములలో, ఈ సంస్థలను బ్రదికించినది చందాలును, ఇంటింటికి తిరిగిన కాళ్లును. పుస్తకమునకు చందా కట్టుట నేర్చిన ప్రాంతము ఆటకు చందా కట్టుట నేర్వలేదా?

కావున గ్రామ గ్రంథాలయమునకు అనుబంధముగా ఒక భాగవత పోషక సంఘమును ఏర్పాటు చేసికొనవచ్చును. దాని పనులను విడివిడిగా చెప్పుకొనుట మంచిది.

మొదటిది, పిలుచుట. ఇంతకాలము మేళము వచ్చి ఊరిని అడిగినది. ఇకమీదట ఊరు పోయి మేళమును పిలువవలెను. ఈ ఒక్క మార్పులోనే సగము గౌరవమున్నది. పంటకాలము చూచికొని, మూడు నెలలు ముందుగా తేదీ నిశ్చయించి, ఇంత ఇత్తుమని చెప్పి, కొంత ముందుగా ఇచ్చి పిలిచినచో, పట్నమున కూలికి పోయిన వేషగాడుకూడ ఆ తేదీకి ఊరు చేరగలడు.

రెండవది, చందా. నూరు ఇండ్ల పల్లెలో ఇంటికి నెలకు 10 రూపాయలు చొప్పున చేరినచో సంవత్సరమునకు 12,000 రూపాయలగును. ఒక్క ఊరు ఒక్క రాత్రి ఆటను పిలువగలదు. అట్టి ఆరు ఊళ్లు కలిసినచో 72,000 రూపాయలగును. మేళమునకు వరుసగా ఆరు రాత్రులు దొరకును. ప్రయాణపు ఖర్చు తగ్గును, సాధన పెరుగును. ధాన్యము ఇయ్యదలచినవారు ధాన్యమే ఇయ్యవచ్చును. చందా ఏ ఒక్క వాడదియు కారాదు, ఊరందరిదియు కావలెను. నాడు ఊరంతయు చూచి వాడ మాత్రమే పెట్టిన బాకీ ఒకటి కలదు. దానిని తీర్చుటకు ఇది మార్గము.

మూడవది, బసయు, భోజనమును. మేళము బడిలోనో గ్రంథాలయములోనో దిగవలెను గాని చెట్టు క్రింద దిగరాదు. వేషము మార్చుకొనుటకు స్త్రీలకు ప్రత్యేకమైన గది, త్రాగుటకు నీరు, ఆటస్థలమున దీపము ఉండవలెను. భోజనము ఊరివారితో సమపంక్తిని జరుగవలెను. ఈ నియమమును పాటింపలేని సంఘము ఎన్ని వేలు వసూలు చేసినను పోషక సంఘమను పేరునకు తగదు.

నాలుగవది, వ్రాత. పెక్కు ఆటలు మేళగాండ్ర నోళ్లలోను, నలిగిన చేతివ్రాత పుస్తకములలోను ఉన్నవి. గ్రంథాలయము వారి అనుమతితో వానికి శుద్ధప్రతులు వ్రాయించి, చెప్పినవారి పేరు మొదటి పుటలో వ్రాసి భద్రపరుపవలెను. నేడు ప్రతి చేతిలోను ఫోను ఉన్నది. ఆటను చిత్రించి పదుగురికి పంపుట తేలిక. అయితే అడుగకుండ చిత్రించుట ఒకరి పొలములోని కంకి త్రుంచుట వంటిది. అనుమతి తీసికొని, దానికి తగిన ప్రతిఫలమిచ్చి చిత్రింపవలెను.

ఐదవది, మేళమువారి కష్టసుఖములు. వృద్ధ కళాకారులకు ప్రభుత్వము పింఛను ఇచ్చుచున్నది. అర్హులై యుండియు దరఖాస్తు నింపలేక దానిని పొందనివారు ఉండవచ్చును. గ్రంథాలయమున కూర్చుండు చదువుకొన్న యువకుడు ఒక సాయంకాలము వెచ్చించినచో ఆ పని యగును. మేళముతో తిరుగు బిడ్డల చదువు మధ్యలో తెగకుండ చూచుటయు ఇందులో చేరినదే. ఆ బిడ్డ పెద్దయై ఆట ఆడవలెనా, ఉద్యోగము చేయవలెనా యనునది ఆ బిడ్డ ఇష్టము. ఆట నేర్వగోరు ఇతర కులముల బిడ్డలకు నేర్పుటకు గురువులు సమ్మతించినచో, అదియు మంచిదే.

ఆరవది, లెక్క. సంవత్సరమునకు ఒకసారి, ఆటకు మరునాటి ఉదయమున, వచ్చినదెంత, మేళమునకు ఇచ్చినదెంత, మిగిలినదెంత యని అందరి యెదుట చదువవలెను. మేళమువారు కూడ ఆ సభలో కూర్చుండవలెను. తమ పేర వసూలైనది తమకెంత అందినదో తెలిసికొను హక్కు వారికి కలదు.

పోషకులు చేయవలసిన పనులతోపాటు చేయరాని పనులును కలవు. పెట్టినవాడు పాట నిర్ణయించుట తగదు. ఫలానా సినిమా పాట పాడుమని, ఫలానా ఘట్టమును విడువుమని, తెల్లవారకముందే ముగింపుమని మేళమును ఆజ్ఞాపింపరాదు. కథ కాలముతో మారవచ్చును. కాని మార్చువారు ఆడువారు కావలెను. నల్లగొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, యక్షగానమును తెలంగాణ రైతుల పోరాటగాథకు వాహనముగా చేసెను. ఆ మార్పు ఆటలోపలినుండి వచ్చినది గనుక జనులు దానిని తమదిగా గ్రహించిరి. ఇక ఆటకు ముందు గంటలకొలది సన్మానములు, ఉపన్యాసములు జరిపి, గజ్జెకట్టిన వేషగాని తెరవెనుక నిలువబెట్టుట మరియొక దోషము. పోషకుని చోటు వేదికపై కాదు, ఎదుట చాపపై.

కడుపు నిండనివారున్న పల్లెలో ఆటకు చందా యేలయని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. కాని దీనికి సమాధానము పేదలే ఇచ్చియున్నారు. కరవు సీమలో, మానికెడు జొన్నలు బంగారమైన దినములలో, ఆ మానికలోనుండియే ఆటకు తీసిపెట్టినవారు ఊరిలోకెల్ల పేదవారు. ఏడాది పొడవున తలవంచుకొని పనిచేసిన మనిషికి తన జాతి పుట్టుక గొప్పదని జాంబపురాణము ఒక్కనాడు చెప్పెను. ఆ ఒక్కనాడు వాడు తల యెత్తుకొనెను. దాని విలువ వారికి తెలియును గనుకనే పెట్టిరి. కలిగినవారు నేడు ఆ ప్రశ్నను సాకుగా తెచ్చుట తగదు.

ఇంటిలో టెలివిజన్ ఉండగా వీధిలో ఆట యేలయని మరికొందరందురు. టెలివిజన్ ఎదుట కూర్చున్నవాడు ఏమి చేయుచున్నాడో తెరలోని నటుడు ఎరుగడు. వీధి భాగవతమున వేషగాడు ఎదుటివాని పేరు పెట్టి పిలుచును, హాస్యమాడును, ఊరి సంగతి నెత్తుకొని చురక వేయును. ఆ రాత్రి ఊరు ఊరుగా ఒక్కచోట కూర్చుండును. ఇరుగుపొరుగులు ఒకరిముఖ మొకరు చూచుకొను సందర్భములు తరిగిపోవుచున్న ఈ కాలమున అది చిన్న లాభము కాదు.

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు 2016లోను, 2019లోను జరిగిన విభజనలచే పలు జిల్లాలైనవి. జిల్లాల సరిహద్దులు మారినను మేళములు నడచిన కాలిబాటలు మారలేదు. ఆ బాటలపై గజ్జెల సవ్వడి వినిపించుట ఏ ఒక్క దాత చేతిలోను లేదు, ప్రభుత్వము ఒక్కదాని చేతిలోను లేదు. పుస్తకమునకు చందా కట్టి ఇరువదియైదు సంవత్సరములు దీపము ఆరకుండ చూచిన చేతులు, చందా పుస్తకమున ఇంకొక పుటను తెరచి, దాని శీర్షికయందు ఆట యని వ్రాసినచో చాలును. ఆ పుటలో మొదటి పేరు ఏ వాడవారిదైనను కావచ్చును. చివరి పేరు వ్రాయునప్పటికి ఊరిలోని అన్ని వాడల పేర్లును అందుండవలెను.

స్వస్తి.